అర నిమిషం పాఠం

గుండీ ఊడి, గచ్చు మీద దొర్లుకుంటూ వచ్చి అంజమ్మ కాలి దగ్గర ఆగింది.

అది ఆమె కూతురు మమత తొడుక్కున్న తెల్ల కోటు గుండీ. ఇంకా చేతులు బయటికి తీయకముందే వెనకనుంచి ఒకడు కోటు లాగాడు. చేతిలో కరెంటు చూసే పసుపు రంగు మీటరు ఉండడం వల్ల మమత వెంటనే విప్పలేకపోయింది. హాల్లో ముప్ఫైమంది ఆడపిల్లలు. అందరి కోట్లూ ఒకదాని మీదొకటి అట్టపెట్టెలో పడుతున్నాయి.

మదనపల్లె టమాటా యార్డుకు కూతవేటు దూరంలో, ఎరువుల గోడౌను పైఅంతస్తులో ఉంది ఆ శిక్షణ కేంద్రం. కింద తలుపంత బోర్డు. దళితుల, గిరిజనుల, గొర్రెలు మేపుకునేవాళ్ళ, కూలి చేసుకునేవాళ్ళ ఆడపిల్లలకు సైన్సు, టెక్నికల్ పనులు ఉచితంగా నేర్పిస్తామని దాని మీద రాసి ఉంటుంది. సర్కారు కొంత, ఎక్కడో ఒక పెద్ద కంపెనీ కొంత వేసుకుని డబ్బు ఇస్తున్నాయట. ఇలాంటి కేంద్రాలు పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. మూడింటినీ నడిపే కాంట్రాక్టు ఒకే సంస్థది.

మమత పొద్దున సంగటి డబ్బా మరిచిపోతే, యార్డులో వేలం ముగిశాక అంజమ్మ పట్టుకొచ్చింది. ఆ రోజు తనిఖీ అని ఆమెకు తెలియదు. ఆమె మెట్లెక్కేసరికి తనిఖీ ముగించుకున్న అధికారుల కార్లు వీధి మలుపు తిరుగుతున్నాయి.

"బిరబిరా విప్పండమ్మా! వ్యాను ఎండలో నిలబడుండాది. రేపు పుంగనూరు, ఎల్లుండి కుప్పం" అని మేనేజరు మురళి చేతులు చరిచాడు.

"ఒక్క నిముసం సార్" అంది మమత. "ఈ బ్యాటరీ మీద పెట్టి సూసి ఇస్తా. ఫోటోకు పట్టుకున్యామే గానీ ఆన్ జేసి సూడలేదు."

"ఫోటో బ్రమ్మాండంగా వచ్చిందిలే. సినిమా హీరోయిన్ మాదిరి పడినావు. ఇంగ ఇయ్యి."

సామాను ఎత్తేవాళ్ళు నవ్వారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా నవ్వారు. మమత మీటరును బోర్లించి ఒక క్షణం చూసుకుని పెట్టెలో పెట్టింది. పది మీటర్లు, రెండు మైక్రోస్కోపులు, కిటికీ రెక్కంత సోలార్ పలక, ముప్ఫై తెల్ల కోట్లు. వ్యాను వెళ్ళిపోయాక హాల్లో బల్లలు, నల్లబోర్డు మిగిలాయి.

గోడౌను మెట్ల మీద కూర్చుని మమత సంగటి తింది.

"ఎంతసేపు ఇచ్చినారు మే ఆ సామాను?" అని అడిగింది అంజమ్మ.

"పదకొండు నిముసాలు. గోడ గడియారం సూసుకున్యా."

"ఈపొద్దు సంగతి గాదు. ఇన్ని నెల్లకీ?"

"ఇన్ని నెల్లకీ అదే. మిగతా దినాలు గౌతమ్ సారు బోర్డు మీద బొమ్మ గీస్తాడు. ఇది ఎర్ర తీగ, ఇది నల్ల తీగ అంటాడు. సుద్దముక్కకు ఎరుపేంది, నలుపేంది మా?" మమత నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ మీటరు కింద మన మండీ గురుతు ఏసినా. గోళ్ళ రంగుతో."

మండీ గురుతు అంటే అంజమ్మకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఆమె బతుకే ఆ గురుతు. టమాటాలు నింపిన క్రేట్లు లారీలెక్కి చెన్నైకీ కలకత్తాకీ పోతాయి. ఖాళీవన్నీ ఒకే కుప్పగా తిరిగివస్తాయి. ఏ క్రేటు ఏ మండీదో చదువురాని హమాలీ కూడా రంగు చూసి విడదీస్తాడు. అంజమ్మ పనిచేసే మండీది నీలం సున్నా, మధ్యలో అడ్డగీత. ఇరవై ఏళ్ళుగా కాయలు ఏరే పని అయ్యాక కుంచె పట్టుకుని ఆ సున్నాలు చుట్టేది ఆమే. గురుతు లేని క్రేటు ఇల్లు చేరదని యార్డులో ఒక మాట.

"తిరిగొస్తాదో రాదో సూస్తాం" అంది మమత. "మేం ఐదుగురం కలిసి కలెక్టరాఫీసులో అర్జీ ఇయ్యాలనుకుంటాండాం."

అంజమ్మ భయంగా చుట్టూ చూసింది.

"నోరు మూసుకోని ఉండు తల్లీ. ఇంగ రెండు నెల్లే గదా. సర్టిఫికెట్టు సేతికి రానీ. కాగితం సేతిలో పడినాక నువ్వెవురో వాళ్ళెవురో. అర్జీ ఇచ్చినోళ్ళ పేరు ముందు కొట్టేస్తారు. యాల మనకు?"

మమత డబ్బా మూత పెట్టింది. "సరే మా" అంది.

ఆ పిల్ల తల్లి మాట విన్నది. తర్వాత జరిగినదంతా అందులోంచే వచ్చిందని అంజమ్మ నమ్మకం. 

పది రోజులకు తల్లిదండ్రుల సమావేశం అని పిలిచారు. తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చి, ఒక కాగితం ముందు పెట్టి, వేలిముద్ర వెయ్యమన్నారు. అంజమ్మ వెయ్యలేదు. పెన్ను ఇమ్మంది. ఆ ఏడాదే మమత ఆమెకు పేరు రాయడం నేర్పింది. 'మ' కింద 'మ' వత్తు దగ్గర చేయి వణికినా మూడు అక్షరాల్లో తన పేరు నిలబెట్టింది. ఆమె జీవితంలో మొదటి సంతకం అది. హాలు చివర నిలబడ్డ మమత చేతులెత్తి చప్పట్లు కొట్టింది. కాగితంలో ఏముందని తల్లీ అడగలేదు, కూతురూ చదవలేదు.

ఏప్రిల్‌లో సర్టిఫికెట్టు వచ్చింది. ఐదు వందల నలభై గంటల శిక్షణ పూర్తిచేసిందని ఇంగ్లీషులో రాసి ఉంది. దాన్ని అంజమ్మ బియ్యం డబ్బా మీద గోడకు ఆనించి పెట్టింది. మే నెలలో ఉద్యోగమూ వచ్చింది. ఇంతమందికి పని చూపించామని లెక్క చెబితే తప్ప సంస్థకు చివరి విడత నిధులు రావట. అందుకని సోలార్ పంపులు బాగుచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిది మందిని చేర్చారు. మమతకు నీలం చొక్కా, స్క్రూడ్రైవరు, పటకారు ఇచ్చారు. మీటరు ఇవ్వలేదు. వ్యానులో ఒకటి ఉంటుందిలే అన్నారు.

పద్నాలుగో రోజు గంగవరం పక్క మల్బరీ తోటలో పంపు ఆడడం లేదంటే మమతను పంపారు. మిట్టమధ్యాహ్నం. పంపు పెట్టె స్విచ్చి ఆపింది. ఆపడం తాను కళ్ళారా చూశానని తోట రైతు తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. స్విచ్చి ఆపాక పలకల నుంచి వచ్చే తీగల మీద చేయి పెట్టింది.

అంజమ్మ యార్డులో కాయలు ఏరుతుండగా కబురు వచ్చింది. ఆమె చేతిలో ఉన్న కాయ పండుదా, దోరదా అని చూసి, పండ్ల క్రేటులో వేసి లేచింది.

* * *

"అమ్మా, మీ బాధ మాకు అర్థమవుతోంది" అన్నాడు శిక్షణ పథకాలు చూసే అధికారి. వయసులో చిన్నవాడు. మాట కూడా మెత్తన. "కానీ పంపుల కాంట్రాక్టరు మీద గానీ, శిక్షణ సంస్థ మీద గానీ చర్య తీసుకోవడానికి మాకు ఆధారం కావాలి."

"పాపకు నేర్పించలేదు సార్" అన్నాడు వెంకటేశులు. యార్డు హమాలీల సంఘానికి పెద్ద. అరవై దాటినా మూపు మీద గోనెపట్టా ఉండాల్సిందే. ఆఫీసుకు కూడా అలాగే వచ్చాడు. "సామానే లేదు. తనిఖీ దినం వ్యానులో వస్తాది, పోతాది."

అధికారి కంప్యూటరు తెరను వాళ్ళ వైపు తిప్పాడు.

మమత. తెల్ల కోటులో. చేతిలో మీటరు, ముఖాన చిరునవ్వు. అన్ని గుండీలూ పెట్టి ఉన్నాయి.

అంజమ్మ తెర మీదికి వంగింది. మట్టి చేశాక కూతురి ముఖం చూడడం అదే మొదలు. ఏం మాట్లాడడానికి వచ్చిందో మరిచిపోయింది. తెర దానంతట అది నల్లబడేవరకు చూస్తూ ఉండిపోయింది.

"ఇదొకటి" అని అధికారి ఫైలులోంచి కాగితం తీశాడు. "మా అమ్మాయికి అన్ని పరికరాల మీద శిక్షణ అందింది, తృప్తిగా ఉంది అని తల్లి ఇచ్చిన ధ్రువీకరణ. ఈ సంతకం మీదేనా?"

'మ' కింద వత్తు వణికి ఉంది.

"నాదే" అంది అంజమ్మ.

"శిక్షణ పొందిన మనిషి జాగ్రత్త తీసుకోకపోతే అది వాళ్ళ పొరపాటు కిందికి వస్తుందమ్మా. నియమం అట్లా ఉంది. నా చేతుల్లో ఏమీ లేదు."

బయటికి వచ్చాక వెంకటేశులు మూపు మీది పట్టా తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "సూసినావా మే. మన సేత్తో మన గొంతుకు తాడు పేనించుకున్యారు. తాడు నునుపుగా గూడా ఉండాది."

అంజమ్మ ఇంటి దారి పట్టింది. బియ్యం డబ్బా మీది సర్టిఫికెట్టును ఆ సాయంత్రం బోర్లించి పెట్టింది. చించడానికి చేతులు రాలేదు. దాని మీద మమత పేరు ఉంది.

* * *

మమత పోయిన పదకొండో దినానికి పుంగనూరు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి లింగప్ప గొర్రెల కాపరి. కూతురు అంబిక పుంగనూరు కేంద్రంలో చదువుతోంది. సర్టిఫికెట్లు ఇచ్చిన సభకు మూడు కేంద్రాల పిల్లల్నీ పిలిస్తే మమత పక్కన కూర్చుందట. ఆ కాస్త పరిచయానికే వచ్చింది.

ఇంట్లో కుర్చీ లేదు. అంజమ్మ ఖాళీ క్రేటు బోర్లించి కూర్చోమంది. అంబిక కూర్చోబోయి ఆగింది. వంగి క్రేటు పక్కను వేలితో తడిమింది.

"పెద్దమ్మా, ఈ సున్నా ఏంది?"

"మా మండీ గురుతు."

"అడ్డగీతతో? నీలంగా?"

"అవును. యాల?"

"ఇది మా పుంగనూరు మీటరు కింద ఉండాది" అంది అంబిక. "పోయిన తనిఖీలో నా సేతికే వచ్చింది. కంపెనీవాళ్ళ ముద్రేమో అనుకున్యా."

అంజమ్మ గోడకు ఆనుకుంది. గురుతు ఇల్లు చేరింది. వేసిన చెయ్యి లేదు.

"ఒకే సామాను మూడూర్లకు తిప్పుతాండారు" అంటూ అంబిక తండ్రి వైపు తిరిగింది. "మూడు సెంటర్లకు నిధులు, ఒక సెంటరుకు సామాను. నాయనా, ఇనపడిందా?"

"ఇనపడింది" అన్నాడు లింగప్ప. "ఇనపడినా ఇనపడనట్లు ఉండేది నేర్సుకో."

ఆ మాట వినగానే అంజమ్మకు గోడౌను మెట్లు గుర్తొచ్చాయి.

* * *

ఆదివారం వేలం ముగిశాక కాయలు ఏరే షెడ్డులో కూడారు. మదనపల్లె పిల్లలు, వాళ్ళ తల్లులు, హమాలీలు, పుంగనూరు నుంచి పదిమంది, కుప్పం నుంచి ఇద్దరు. అందరూ క్రేట్లు బోర్లించుకుని కూర్చున్నారు. చితికిన టమాటాల పులుపు వాసన.

మొదటి మాటే గొడవతో మొదలైంది.

"నష్టపరిహారం అడగండి, అంతవరకే" అంది ఒక తల్లి. "సెంటరు జోలికి పోవద్దండి. మూసేస్తే మా పిల్ల యాడికి పోతాది? మేనమామ సంబంధం పట్టుకోని గుమ్మంలో కూర్సోనుండాడు."

"సెంటరని యాడుంది మే మూసేదానికి?" అన్నాడు వెంకటేశులు. "బోర్డు ఉండాది. బోర్డు కింద ఎరువుల మూటలుండాయి."

"మీరు యూనియనోళ్ళు, అట్లనే మాట్లాడతారు." లింగప్ప లేచాడు. "నాకు ఇద్దరు ఆడబిడ్డలు. పెద్దది గొర్రెల ఎనకాలే తిరిగి ముళ్ళు తొక్కి కాలు పోగొట్టుకునింది. ఇది సైన్సు సదివింది. దీని ఒంటి మీద కోటు సూసిన దినం నేను ఏడ్సినానప్పా. ఆ కోటు పదకొండు నిముసాలదైనా కానీ, నాకు అదే సాలు. మనకు అంతకంటే ఎప్పుడైనా ఎవురైనా ఇచ్చినారా?"

 పైకప్పు రేకులు ఎండకు టపటపమన్నాయి.

అప్పుడు షెడ్డు చివర నిలబడి ఉన్న గౌతమ్ ముందుకు వచ్చాడు. బోర్డు మీద బొమ్మలు గీసే సారు. ఇరవై ఆరేళ్ళుంటాయి. నాలుగు నెలలుగా సంస్థ అతనికి జీతం ఇవ్వలేదని అందరికీ తెలుసు.

"అమ్మా, నేను ఒకటి చెప్పాల" అన్నాడు అంజమ్మతో. ముఖం చూడలేక క్రేట్ల వైపు చూస్తూ చెప్పాడు. "సోలార్ తీగలు మామూలు కరెంటు మాదిరి కాదు. ఎండ ఉన్నంతసేపూ పలకల నుంచి వచ్చే తీగలో కరెంటు ఉంటుంది. స్విచ్చి ఆపినా అక్కడ పోదు. తాకేముందు మీటరు పెట్టి చూడాల. మొదట కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, మీటరు పనిచేస్తాందా అని చూసుకోవాల. రెండోది, తాకబోయే చోట. మళ్ళా మొదటి చోట, మధ్యలో మీటరు చెడిపోలేదు కదా అని. మూడుసార్లు. నేను పుస్తకంలో ఉన్నట్లు బోర్డు మీద రాసినాను. చేతికి మీటరిచ్చి చేయించలేదు. లేదు కదా, ఏమిచ్చి చేయించేది. అది చెయ్యికి అలవాటు కావాల్సిన పనమ్మా, నోటికి కాదు."

అంజమ్మ అడిగింది. "ఎంతసేపు పడతాది సారూ ఆ పని?"

"అర నిమిషం."

 ఐదు వందల నలభై గంటలు రాసి ఉన్న కాగితం అక్కడున్న చాలామంది ఇళ్ళలో ఉంది. అందులో ఈ అర నిమిషం లేదు.

అంజమ్మ లేచి నిలబడింది. ఆమె ఎప్పుడూ నలుగురిలో మాట్లాడి ఎరగదు.

"లింగప్పన్నా, నువ్వు సెప్పేది తప్పని నేను అనలేను. నేనూ అదే సెప్పినా. నోరు మూసుకోమన్యా. కాగితం రానీ అన్యా. వచ్చింది. ఆ కాగితమే ఇప్పుడు నా బిడ్డదే తప్పని సెప్తాండాది. దాని కింద నా సంతకం ఉండాది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసింది. "నాకు డబ్బులొద్దు. ఆ మీటరు ఈ పిల్లకాయల సేతిలో ఉండాల. అంతే."

కుప్పం నుంచి వచ్చిన యమున అనే అమ్మాయి అప్పుడు చెప్పింది. వచ్చే గురువారం కుప్పంలో పెద్ద తనిఖీ. నిధులిచ్చే కంపెనీవాళ్ళే స్వయంగా వస్తారు.

"అంతకుముందు రోజు ఆ సామాను మా పుంగనూరుకు వస్తాది" అంది అంబిక. తండ్రి వైపు చూసింది. "నాయనా, మన గొర్రెల రంగు కొంచెం ఇస్తావా?"

లింగప్ప తల వంచుకున్నాడు. 

సోమవారం మండీ యజమాని అంజమ్మను పిలిచాడు. "యార్డు యార్డే, బయటి గొడవ బయటి గొడవే. షెడ్డులో మీటింగులు పెట్టేదుంటే వేరే మండీ సూసుకో." ఆమె కుంచెను రంగు డబ్బా మీద అడ్డంగా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసింది.

* * *

గురువారం పొద్దున బస్సుల్లో పలమనేరు మీదుగా కుప్పం చేరారు. కేంద్రం ఉన్న వీధిలో షామియానా, పూలదండలు. తొంభైమంది పిల్లలు, ముప్ఫై తెల్ల కోట్లు. మదనపల్లె, పుంగనూరు పిల్లలు కోట్లు లేకుండానే లోపలికి వెళ్ళి గోడల వెంబడి నిలబడ్డారు.

మురళి పరుగున వచ్చాడు. "మీరంతా ఎవురమ్మా? యాల వచ్చినారు?"

"మమ్మల్నే మరిచిపోయినారా సార్? నాలుగు నెల్ల కిందట కోటు గుంజినారు గదా" అంది మదనపల్లె పిల్ల ఒకతె.

కంపెనీ తరఫున వచ్చిన పెద్దావిడ ఇంగ్లీషులో ఏదో అడిగింది. పక్కనున్న శిక్షణ పథకాల అధికారి నవ్వుతూ, వేరే ఊళ్ళ పిల్లలు కూడా ఆసక్తితో చూడడానికి వచ్చారని చెప్పాడు. ఆవిడ సంతోషించింది.

అంబిక ముందుకు వచ్చింది. "మేడం, మేం పుంగనూరు. వీళ్ళు మదనపల్లె. మూడు సెంటర్లలోనూ సామాను ఉండాదని మీకు రాసిచ్చినారు. మూడు సెంటర్ల సామానూ ఇదే. కావాలంటే మీటర్ల కింద సూడండి."

అంజమ్మ బల్ల దగ్గరికి నడిచింది. మొదటి మీటరు తిప్పింది. ఏమీ లేదు. రెండోది. మూడోది. "ఆమెకు ఏం పని? బయటికి పంపండి" అని మురళి అరుస్తున్నాడు. ఐదోదీ లేదు. ఆరోదాని కింద వేలికి గరుకుగా తగిలింది. ఎవరో బ్లేడుతో గీకారు. సున్నా సగం పోయింది. సగం ఉంది, అడ్డగీత ఉంది. దాని పక్కనే కొత్తగా, ఎర్రగా రెండు చుక్కలు. లింగప్ప గొర్రెల వీపు మీద వేసే చుక్కలు.

ఆమె దాన్ని రెండు చేతులతో పైకెత్తి చూపించింది. "ఇది నా కూతురు ఏసింది. మదనపల్లెలో. ఈ ఎర్రది నిన్న పుంగనూరులో ఏసింది."

పెద్దావిడ కళ్ళద్దాలు సరిచేసుకుని చూసి, అధికారిని అడిగింది. అతను వంగి చూశాడు.

"ఫ్యాక్టరీ ముద్ర మేడం" అన్నాడు.

గౌతమ్ ముందుకు వచ్చి ఇంగ్లీషులోనే జరిగినదంతా చెప్పాడు. ఆవిడ విన్నది. ముఖం గంభీరం చేసుకుంది. నివేదిక తెప్పించుకుంటామంది. అప్పటికే ఎవరో భోజనాలు సిద్ధమని చెప్పారు. కార్లు వెళ్ళిపోయాయి.

అంతే. ఆధారం చూపించారు. చూసినవాళ్ళు చూశారు. వాళ్ళు భోజనానికి వెళ్ళారు.

వ్యాను వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. సామాను ఎత్తేవాళ్ళు పెట్టెలు దించారు. అప్పుడు కోట్లు తొడుక్కున్న కుప్పం పిల్లలు చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఒక్కరూ విప్పలేదు. యమున వెళ్ళి వ్యాను ముందు చక్రం దగ్గర కూర్చుంది. ఆమె పక్కన అంబిక. తర్వాత వీధి నిండా పిల్లలు. మీసాల లింగప్ప ఎక్కడినుంచి వచ్చాడో, చక్రానికి వీపు ఆనించి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు యాల వచ్చినావప్పా?" అన్నాడు వెంకటేశులు.

"మందకు ముందు ఎవురో ఒకరు ఉండాల గదా. రంగు ఇచ్చినాక ఇంగ దాంకోని ఏం లాభం?"

గంటకు పోలీసులు వచ్చారు. పిల్లల్ని లాగి పక్కకు వేశారు. కోట్లు చినిగాయి. అంజమ్మ మీటరు వదలలేదు. ఇద్దరు ఆడ పోలీసులు వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. ఆమె చేతిలోంచి బిడ్డ చేతిని చివరిసారి ఇలాగే విడిపించారు ఆసుపత్రిలో. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ప్రభుత్వ ఆస్తి దొంగతనం, పనికి అడ్డం రావడం. ఏడుగురి మీద కేసు. అంజమ్మ, అంబిక, యమున, గౌతమ్, వెంకటేశులు, లింగప్ప, ఇంకొక తల్లి. పెట్టెలతో సహా సామానంతా కేసు వస్తువులని చెప్పి స్టేషను గదిలో పెట్టి తాళం వేశారు.

* * *

నెల తిరగకుండా మూడు కేంద్రాలూ మూతపడ్డాయి. లబ్ధిదారుల సహకారం లేనందున నిధులను వేరే జిల్లాకు మళ్ళిస్తున్నట్టు కాగితం వచ్చింది. మురళి కూడా ఆ జిల్లాకే వెళ్ళాడని విన్నారు. గోడౌను మీది బోర్డు దించి, వెనక్కి తిప్పి, ఎరువుల మూటలు తడవకుండా అడ్డం పెట్టుకున్నారు. మేనమామ సంబంధం పిల్లకు పెళ్ళి కుదిరింది. లింగప్ప భయపడినదంతా నిజమైంది. అతను ఆ మాట ఎవరినీ ఎత్తిపొడవలేదు.

బెయిలు మీద వచ్చినవాళ్ళు ప్రతి సోమవారం కుప్పం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టాలి. మొదటి సోమవారం ఏడుగురు వచ్చారు. సంతకాలు పెట్టి, బస్సుకు గంట టైము ఉండడంతో స్టేషను మెట్ల మీద కూర్చున్నారు. గౌతమ్ జేబులో సుద్దముక్క ఉంది. అతని జేబులో ఎప్పుడూ ఉంటుంది. అంబిక దాన్ని అడిగి తీసుకుంది.

రెండో సోమవారం పంతొమ్మిది మంది వచ్చారు. నాలుగో సోమవారానికి మెట్లు చాలక ముందున్న గచ్చు మీద కూర్చున్నారు. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లులు, కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు.

ఎస్సై బయటికి వచ్చాడు. "సంతకం పెట్టాల్సింది ఏడుగురు. మిగిలినోళ్ళు యాల వచ్చినారు? ఇదేమన్నా బడా?"

లోపల పుస్తకంలో సంతకం పెట్టి అప్పుడే వచ్చింది అంజమ్మ. 'మ' కింద వత్తు ఈసారి వణకలేదు.

"మా సామాను మీ గదిలో ఉండాది సారూ" అంది. "అది యాడుంటే మా బడి ఆడ."

"మీ సామాను అని ఎవురు సెప్పినారు?"

"గురుతు ఉండాది. తాళం తీసి సూసుకోండి."

ఎస్సై తాళం తీయలేదు. ఖాళీ చేయమని అరిచి లోపలికి వెళ్ళాడు. ఫోను చేస్తున్న మాటలు వినిపించాయి. ఈ సోమవారమో, వచ్చే సోమవారమో లాఠీలు బయటికి వస్తాయని అందరికీ తెలుసు. ఎవరూ లేవలేదు.

అంబిక గచ్చు మీద సుద్దతో రెండు పెట్టెలు గీసింది. రెండు చీపురుపుల్లలు తీసుకుంది. ఒకదానికి ఎర్ర దారం, ఇంకొకదానికి నల్ల దారం చుట్టి ఉన్నాయి.

"ఈపొద్దు ఎవురు?"

"నేను" అంది అంజమ్మ.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వంగింది. ఇరవై ఏళ్ళు సున్నాలు చుట్టిన చెయ్యి. పుల్లలు మొదటి పెట్టె మీద పెట్టింది.

"ఉండాదని తెలిసిన సోట" అన్నారు అందరూ.

రెండో పెట్టె మీద పెట్టింది.

"తాకబోయే సోట."

అక్కడ ఆమె చెయ్యి కాసేపు ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత పుల్లలు ఎత్తి, వెనక్కి తెచ్చి, మొదటి పెట్టె మీద మళ్ళీ పెట్టింది.

"మళ్ళా మొదటి సోట."

లోపల గోడ గడియారం కింద కూర్చున్న ఆడ కానిస్టేబులు, తనకు తెలియకుండానే, ముల్లు వైపు చూసింది. ముప్ఫై సెకన్లు.

గేటు దగ్గర పోలీసు వ్యాను వచ్చి ఆగింది. అంజమ్మ తల ఎత్తి చూసింది. వంగి, పుల్లలను పక్కన కూర్చున్న పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వు సెయ్యి" అంది. "అందరి సేతికీ రావాల."